యిర్మీయా కొనిన పొలము – మన దస్తావేజులు

పాఠ్యభాగము: యిర్మీయా 32:6–15
తోడుగా చదువవలసినవి: ఆదికాండము 23, రూతు 4:7–11



యిర్మీయా ప్రవక్త పొలము కొనిన కాలము క్రయవిక్రయములకు తగిన కాలము కాదు. సిద్కియా యేలుబడిలో అది పదియవ సంవత్సరము. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించి యున్నది. ప్రవక్త ఖైదులో నున్నాడు. అట్టి దినములలో ఆయన పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని అడిగెను. అది నేడో రేపో శత్రువుల పాలు కానున్న పొలము. అయినను ప్రవక్త కొనెను.

ఆయన కొనిన విధమును గమనించుడి. పత్రము వ్రాసి ముద్ర వేసెను. సాక్షులను పిలిపించెను. 17 తులముల వెండిని త్రాసులో తూచి యిచ్చెను. ముద్ర వేసిన పత్రమును, విడిగా నున్న పత్రమును బారూకు చేతికిచ్చి, అవి బహు దినములు నిలుచునట్లు మంటికుండలో దాచుమని ఆజ్ఞాపించెను. అమ్మినవాడు పరాయివాడు కాడు, స్వంత రక్తసంబంధి. బంధువు గదా యని ప్రవక్త త్రాసు మానలేదు, సాక్షులను మానలేదు, వ్రాత మానలేదు. ఈ మాసపు పాఠమంతయు ఇందులోనే యున్నది.

1. సాక్షుల జ్ఞాపకము, వ్రాత

అబ్రాహాము మక్పేలా పొలమును 400 తులముల వెండికి కొనినప్పుడు హేతు కుమారులు ఊరి గవినియొద్ద సాక్షులైరి. బోయజు కాలములో చెప్పు తీసి యిచ్చుట గురుతుగా నుండెను. అవి మంచి పద్ధతులే. అయితే సాక్షి బ్రదికి యున్నంత కాలమే ఆ జ్ఞాపకము నిలుచును. వ్రాత తరువాతి తరమునకు కూడ మాటలాడును.

2. మన దేశపు కట్టడ

మన దేశములో ఈ కార్యమునకు 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ఆధారము. అది 1909 జనవరి 1 నుండి అమలులో నున్నది. నూరు రూపాయలు గాని అంతకు మించి గాని వెలగల స్థిరాస్తిని అమ్మిన దస్తావేజు తప్పక రిజిస్టరు కావలెను. వ్రాసి సంతకము చేసిన దినము మొదలు నాలుగు నెలలలోగా దానిని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేయవలెను. తప్పించుకొనలేని కారణముచే ఆలస్యమైనచో, అపరాధ రుసుము చెల్లించి మరి నాలుగు నెలల గడువు కోరవచ్చును.

ఆఫీసులో మన దస్తావేజు నకలు ఒకటవ పుస్తకమున చేరును. అసలు మనకు తిరిగి వచ్చును. ఒకప్పుడు గుమాస్తాలు ఆ నకళ్లను చేతితో వ్రాసెడివారు. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటరు పద్ధతి ఆరంభమైనది. ఒకటవ పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. ధ్రువీకరించిన నకలు తీసికొనవచ్చును.

గోదావరి దిగువ ప్రాంతము వారమైన మనకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలను, 1996 నవంబరులో కోనసీమను తాకిన తుపానును చూచినవారు మన మధ్య నున్నారు. ట్రంకుపెట్టె నీటిలో కొట్టుకొనిపోయినను, ఆఫీసులోని నకలు మన మంటికుండయై నిలుచును.

3. మొగమాటము తెచ్చు నష్టము

ఇట్లు తలంచుడి. కాలువగట్టు ప్రక్క గ్రామములో ఒక తండ్రి కూలిడబ్బు కూడబెట్టి, తెలిసిన ఆసామి యొద్ద 30 సెంట్లు కొనెను. తెల్లకాగితము మీద వ్రాసికొనిరి. ఇద్దరు పెద్దలు సాక్షి సంతకములు చేసిరి. “మనలో మనకు రిజిస్ట్రీ యెందుకు?” అనుకొనిరి. కాలము గడిచెను. కొనినవాడు, అమ్మినవాడు, సాక్షులు అందరును గతించిరి. అమ్మినవాని కుమారులు ఆ భూమినే మరియొకరికి రిజిస్టరు దస్తావేజు వ్రాసి అమ్మిరి.

విధవరాలు పెట్టె తెరచి ఆ పాత కాగితమును తెచ్చును. పాపము, ఆ కాగితము న్యాయస్థానములో ఆమె హక్కును నిరూపింపజాలదు. చిరకాల స్వాధీనమును చూపి ఆమె వ్యాజ్యము నడుపవచ్చును గాని, అందులకు ఏండ్లును ధనమును కావలెను. మోసము ఆ కుమారులదే. అయితే దానికి తలుపు తెరచి యుంచినది తండ్రి మొగమాటము.

మందిరమునకు నోటిమాటతో యిచ్చిన స్థలము సంగతియు ఇట్టిదే. స్థిరాస్తి దానమునకు దాత సంతకము, కనీసము ఇద్దరు సాక్షుల సంతకములు, రిజిస్ట్రేషను కావలెను. ఇచ్చినవారు బ్రదికి యున్నప్పుడే సంఘపెద్దలు ఈ పని ముగించుట మేలు.

4. రిజిస్ట్రేషను చేయని పని

ఒక హెచ్చరిక. రిజిస్టరైనంత మాత్రమున అమ్మినవానికి లేని హక్కు కొనినవానికి రాదు. కాబట్టి ముందుగా పాత దస్తావేజులను వరుసగా చదివించుకొనుడి. ఈ.సి. తీయించుడి. రిజిస్టరైన అమ్మకములు, తనఖాలు అందులో కనబడును. రిజిస్టరు కాని పంపకములు, వారసుల వాటాలు అందులో కనబడవు. వాటిని ఊరిలో విచారించుడి. సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు సరిహద్దులు పొలములో నిలువబడి సరిచూచుకొనుడి. చదువురానివారు దస్తావేజును నమ్మకస్థునిచేత పూర్తిగా చదివించుకొని విన్న పిమ్మటనే వేలిముద్ర వేయవలెను.

ముగింపు

యిర్మీయా ఆ పొలమును దున్నలేదు. ఆ పత్రము రాబోవు వారి కొరకు. ఆ దేశములో ఇండ్లును పొలములును మరల కొనబడునన్న వాగ్దానమును ఆయన నమ్మెను. నమ్మెను గనుకనే జాగ్రత్తగా వ్రాయించెను. మన పిల్లలు తగవులాడక ఒక పంక్తిని కూర్చుండి భుజింపవలెనని కోరుదుమా? అట్లయిన బ్రదికి యుండగనే కాగితములను చక్కబెట్టుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. బంధువు యొద్ద కొనినను యిర్మీయా సాక్షులను ఎందుకు పిలిపించెను?
2. మీ యింటి స్థలము, పొలము దస్తావేజులు ఎవరి పేర నున్నవి? అవి ఎక్కడ నున్నవో ఇంటిలోని స్త్రీలకు తెలియునా?
3. మీ సంఘ మందిర స్థలమునకు రిజిస్టరు పత్రము కలదా?