వానికి ఎట్ల వస్తదో అట్లనే చెప్దాం

చెల్లె, ఇయ్యాల మన పిల్లల సదువు ముచ్చట పెట్టుకుందాం. ర్యాంకులు తెచ్చే పిల్లల ముచ్చట కాదు. నోటితోటి అడిగితె అన్నీ చెప్పి, పెన్ను పట్టంగనే బిగుసుకపోయే పిల్లల ముచ్చట. నాలుగో తరగతికి వచ్చినా ఒత్తులకాడ ఆగిపోయే పిల్లలు, బోర్డు మీది రాత సగం దించుకునే లోపల్నే గంట కొట్టేస్తరని భయపడే పిల్లలు. "మావోడు మొద్దు అక్కా, వానికి సదువు రాదు" అని జగిత్యాలల చెప్పిన తల్లులున్నరు, కోరుట్లల ఉన్నరు, సిరిసిల్లల ఉన్నరు. ఆ మాట అంటున్నప్పుడు పిల్లగాడు పక్కనే కూసుండి వింటుంటడు. నాకు కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయితది.

కోరుట్ల దిక్కు బీడీలు చుట్టే ఇంట్ల ఒక పిల్లగాన్ని చూసిన. తల్లి ఒళ్లె చాట పెట్టుకొని ఆకు చుడుతున్నది, వాడు కట్టలు లెక్కవెడుతున్నడు. కట్టకు 25, నలభై కట్టలైతె వెయ్యి. "ఇంకెన్ని గావాలెరా?" అని తల్లి అడిగింది. "ఇరవై ఆరు కట్టలైనయ్, ఇంకా 350 గావాలె" అని తలెత్తకుంటనే చెప్పిండు. అసొంటి లెక్కే పుస్తకంల నాలుగు లైన్ల ఇంగ్లీషుల ఉంటె మాత్రం మొదటి లైను దాటనీకె వానికి తల ప్రాణం తోకకొస్తది. అట్లని వానికి లెక్క రాదంటమా? లెక్క దాకా పోయే తొవ్వల అక్షరాలు అడ్డం పడుతున్నయ్, అంతే.

2022లో సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఒక పేజీల ఇంగ్లీషు, పక్క పేజీల తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చిండ్రు. మంచి పని. ఇంట్ల ఉన్నవాళ్లు ఆ తెలుగు పేజీ గట్టిగ సదివి వినిపిస్తె, పిల్లగానికి సంగతి చెవుల నుంచి లోపలికి పోతది. సంగతి తెలిసినంక అక్షరం అంత భయపెట్టదు. సదువురాని తల్లి ఏం చెయ్యాలె అంటవా? పెద్ద బిడ్డతోటి సదివియ్యి, పక్కింటి పిల్లతోటి సదివియ్యి. పది నిమిషాలు చాలు, గని దినాం కావాలె.

సిరిసిల్ల ముచ్చట ఇంకో తీరు. బట్టలు నేసే సాంచెల చప్పుడుల మాట్లాడుకునే మనుషులు ఇంట్ల గూడ గట్టిగనే మాట్లాడుతరు. అందుకని పిల్లకు చెవులు సరిగ వినవడుతలేవన్న సంగతి ఇంట్ల బయటపడది. బడిల వెనక బెంచిల కూసుంటది, సారు మెల్లగ చెప్పింది అందది, "పిలిస్తె పలుకది, పొగరు పిల్ల" అన్న పేరొస్తది. బోర్డు కనవడని పిల్లలదీ ఇదే కథ. అందుకే నేను ఎవ్వరికైనా మొదలు చెప్పేది ఒక్కటే: మొద్దు అనకముందు చెవులు చూపియ్యి, కండ్లు చూపియ్యి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటున్నది. డాక్టర్లు బండి కట్టుకొని అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లలను చూస్తరు. పుట్టుకతోటి వచ్చిన లోపాలు, పోషణ లోపాలు, జబ్బులు, ఎదుగుదలల ఆలస్యం, ఈ నాలుగూ చూస్తరు. ఆ దినం పిల్లను బడి మానిపియ్యకు.

కండ్లు మంచిగున్నయ్, చెవులు మంచిగున్నయ్, ఇంట్ల తెలివిగ మాట్లాడుతడు, అయినా సదువుడు రాయుడు వస్తలేదు. అప్పుడేంది? దానికీ చట్టంల పేరున్నది చెల్లె. 1995 వికలాంగుల చట్టంల ఏడు రకాల వైకల్యాలే ఉండె. 2016ల కొత్త చట్టం వచ్చి అవి 21 అయినయ్. అండ్ల డిస్లెక్సియా అసొంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం గూడ చేరినయ్. బడులు ఇసొంటి పిల్లలను జల్ది గుర్తుపట్టాలె, వాళ్లకు తగ్గట్టు చెప్పాలె అని ఆ చట్టమే అంటది. పరీక్షల ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో భాష మూడో భాష నుంచి మినహాయింపు, ఇవన్నీ అండ్ల ఉన్నయ్. 2018ల కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండ ఎక్కువ టైము ఇయ్యాలె. మూడు గంటల పరీక్షకు ఇంకో గంట అన్నట్టు. ఆ గంట చేతిల ఉంటె పదోతరగతి గట్టెక్కే పిల్లలు ఎందరో.

అభ్యసన వైకల్యానికి సర్టిఫికెట్ మాత్రం ఎనిమిదేండ్లు నిండినంకనే ఇస్తరు. అంతకుముందు పిల్లలు మామూలుగనే అక్షరాలు తారుమారు చేస్తరు కాబట్టి తొందరపడి పేరు పెట్టొద్దని. గని సర్టిఫికెట్ వచ్చేదాక సాయం ఆగొద్దు కదా. ఆ సాయం దొరికే జాగ భవిత కేంద్రం. మండల కేంద్రంల, శానా మట్టుకు సర్కారు బడి ఆవరణలనే ఒక గది ఉంటది. పిల్లల బొమ్మలు గోడలకుంటయ్. అండ్ల పనిచేసేటోళ్లను ఐఈఆర్పీలు అంటరు, జనం భవిత టీచర్లు అంటరు. మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పుతరు, చేతివేళ్లు పట్టుదప్పిన పిల్లలకు పూసలు గుచ్చుడు నేర్పుతరు. ఫిజియోథెరపీ జేసే మనిషి వస్తడు. మంచం దిగలేని పిల్లలుంటె ఇంటికే వచ్చి చెప్తరు. రానుపోను ఖర్చు, తోలుకొచ్చే మనిషికి భత్యం ఉంటయ్. ఆడపిల్లకు సమగ్ర శిక్షా పథకం కింద నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంటది.

ఈ భవిత టీచర్ల మీద నాకు గౌరవమెక్కువ. కాంట్రాక్టు కొలువు, ఊర్లు తిరుగుడు, చేతిల ఒక్కో పిల్ల ఒక్కో రకం. ప్రైమరీల పది మంది ఇసొంటి పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పైతరగతులల్ల పదిహేను మందికి ఒకరు ఉండాలని 2022ల కేంద్రమే చెప్పింది. ఆ లెక్కన టీచర్లు కావాలని అడిగే హక్కు మనకున్నది. బడి కమిటీ మీటింగుల తల్లులం మరుగుదొడ్ల గురించి అడుగుతం, అన్నం గురించి అడుగుతం. ఇది గూడ అడగాలె.

మన జగిత్యాల, కోరుట్ల ముస్లిం అక్కచెల్లెండ్లది ఇంకో కష్టం. పిల్లగాడు పొద్దుగాల అరబీ సదువుతడు, బడిల ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు. రెండు లిపులు కుడి నుంచి ఎడమకు పోతయ్, రెండు ఎడమ నుంచి కుడికి పోతయ్. అక్షరాలతోటి ఇబ్బందిపడే పిల్లకు ఇది ఎంత బరువో ఆలోచించు. అదే పిల్ల మదర్సాల ఉస్తాద్ నోట విని ఖురాన్ పారాలకు పారాలు కంఠస్థం చేస్తది. అంటే చెవి ఎంత పదునుగున్నదో సూడు! సైన్సు పాఠం గూడ ముందు చెవికే ఇయ్యొచ్చు కదా. 2012ల చేసిన సవరణతోటి మదర్సాలు, వేద పాఠశాలలు విద్యాహక్కు చట్టం బయట ఉన్నయ్. గని సర్కారు నడిపే మైనారిటీ గురుకులాలు, గుర్తింపున్న మిషన్ బడులు, ఉర్దూ మీడియం బడులు 2016 చట్టం కిందికే వస్తయ్. "మాది వేరే బడి కదా, మాకు వర్తించదేమో" అని వెనకకు జరగకు.

మతం సదువు, లోకం సదువు ఒక్క బడిలనే చెప్పే ఊర్లు మనయే కాదు. అమెరికాల యూదుల బడులున్నయ్. దినంల కొంతసేపు హీబ్రూల వాళ్ల ధర్మగ్రంథం, మిగిలిన టైముల ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు. హీబ్రూ గూడ ఉర్దూ తీర్గనే కుడి నుంచి మొదలైతది. సదువుల వెనకబడ్డ పిల్లలకు రెండింతల బరువు. అందుకని ఇసొంటి బడులు శానా స్పెషల్ టీచర్లను పెట్టుకున్నయ్, ఇద్దరు ముగ్గురు పిల్లలను వేరే గదిల కూసోబెట్టుకొని చెప్పే ఏర్పాట్లు చేసుకున్నయ్.

వాళ్ల తాల్ముద్ అనే మతగ్రంథంల ఒక కథ ఉన్నది, నాకు శానా ఇష్టం. పెరేదా అని ఒక గురువు. ఆయన దగ్గర ఒక శిష్యుడు. ఏ పాఠమైనా 400 సార్లు చెప్తెగాని వానికి ఎక్కది. గురువు 400 సార్లే చెప్తుండె. ఒకనాడు పాఠం నడుస్తుంటె ఎవరో వచ్చి, ఒక పుణ్యకార్యం ఉన్నది రావాలని గురువును పిలిచి పోయిండ్రు. ఆయన లేవలేదు, ఎప్పటి లెక్కనే 400 సార్లు చెప్పిండు. ఆనాడు మాత్రం శిష్యునికి ఎక్కలేదు. ఎందుకని అడిగితె, మిమ్మల్ని పిలిచిన కాన్నుంచి నా మనసు పాఠం మీద లేదు, ఇప్పుడు లేస్తరేమో, ఇప్పుడు పోతరేమో అని సూస్తున్న అన్నడట. గురువు కోపం చెయ్యలేదు. మనసు పెట్టు, మళ్ల చెప్తనని ఇంకో 400 సార్లు చెప్పిండు.

ఈ కథ విన్నప్పుడల్ల నాకు మన గల్ఫ్ ఇండ్లు యాదికొస్తయ్. రెండేండ్లకోసారి నాయిన వస్తడు, రెండు నెలలుంటడు, మళ్ల సూట్‌కేస్ సదురుతడు. ఆ పిల్లగాడు బడిల కూసున్నా మనసు ఇంటి గుమ్మంకాడ ఉంటది. సారేమో "ధ్యాస లేదు" అని ప్రోగ్రెస్ కార్డుల రాస్తడు. ధ్యాస ఉన్నది చెల్లె, పోయే మనిషి మీద ఉన్నది. ఇసొంటి పిల్లకు ట్యూషన్ మార్చితె ఏం ఫాయిదా లేదు. పాఠం చెప్పే అరగంట ఆ మనిషి కదలడని తెలువాలె. ఫోన్ పక్కన పెట్టాలె, పొయ్యి మీద కూర దించి కూసోవాలె. దుబాయ్‌ల ఉన్న నాయినకు గూడ చెప్పు: వీడియో కాల్‌ల "మార్కులెన్ని?" అని అడుగుడు కాదు, దినాం ఒక్కటే టైముకు చేసి, ఇయ్యాల బడిల ఏం ఇన్నవో చెప్పు బిడ్డా అని అడగమను. పిల్ల నోటితోటి చెప్తది, ఆయన వింటడు. అదీ సదువే.

ఇంట్ల చేసేటియి ఇంకొన్ని చెప్త. జొన్నపిండి పళ్లెంల పోసి, వేలుతోటి అక్షరం దిద్దియ్యి. మ, వ ఒక్కతీరు కనవడుతున్నయంటె రెండూ ఒక్కనాడు చెప్పకు, ఒకటి గట్టిపడ్డంక రెండోది. సదివేటప్పుడు లైను కింద స్కేలు పెట్టియ్యి. పది లెక్కలు బదులు నాలుగు ఇయ్యమని సారును అడుగు, బతిమాలినట్టు కాదు, మామూలుగ అడుగు. అన్నిటికంటె ముందు, వాని ముంగట వాని అక్కతోటి పోల్చుడు బంద్ చెయ్యి.

జూన్‌ల బడి తెరవంగనే ఒక పూట కూలి పోయినా సరే, హెడ్మాస్టర్ దగ్గరికి పో. భవిత టీచర్ ఫోన్ నంబర్ తీసుకో. పిల్లగాడు తొమ్మిదిలకు వచ్చిండంటె, పదోతరగతి పరీక్షకు ఎక్కువ టైము, రాసేటోని కోసం దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో అప్పుడే అడుగు, ఆఖరి నెలల ఉరుకులాడితె కాగితాలు కావు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల పేర్లు బడి ఆన్‌లైన్ లెక్కలల్ల ఎక్కిస్తది. ఆ లెక్కను బట్టే భత్యాలు, సామాన్లు, టీచర్లు వస్తరు. "ఎక్కిస్తంలే అమ్మా" అంటె ఊకోకు. సారును కంప్యూటర్ ముంగట కూసోబెట్టి, నీ పిల్ల పేరు కనవడ్డంకనే లేచి రా.