ఆజ్ఞాపించే నాయకుడు – అడిగి తెలుసుకునే నాయకుడు



నాయకుడు అనగానే మన కళ్ల ముందు మెదిలేది రాజకీయ నాయకుడే. కానీ ఆఫీసులో, ఫ్యాక్టరీలో, బడిలో పదిమంది చేత పని చేయించే ప్రతి ఒక్కరూ నాయకులే. చదువు ముగిశాక మనం మొదట అటువంటి వారి కింద పనిచేస్తాం. తర్వాత మనలో కొందరం ఆ కుర్చీలోనే కూర్చుంటాం. అందుచేత ఈ పాఠం పరీక్షకే కాదు, బ్రతుకుకూ పనికివస్తుంది.

పాత పద్ధతి

మన జిల్లాల నుండి హైదరాబాదుకో, విజయవాడకో వలస వెళ్లిన మన తల్లిదండ్రులు ఎరిగిన నాయకుడు మేస్త్రీ. ఆయన చెప్పాలి, వీరు చేయాలి. ఎదురు ప్రశ్న వేస్తే మరునాడు పని ఉండదు. ఇది మన ప్రాంతపు అలవాటు మాత్రమే కాదు. 1911లో అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ ప్రకటించిన శాస్త్రీయ నిర్వహణ సిద్ధాంతం కూడా ఆలోచించడం యాజమాన్యం వంతు, చేయడం కార్మికుని వంతు అని పనిని రెండుగా విడదీసింది.

పరిశోధనలు ఏం చెప్పాయి?

1939లో కర్ట్ లెవిన్, ఆయన సహచరులు పదేళ్ల పిల్లల బృందాల మీద జరిపిన పరిశీలన ఫలితాలను ప్రకటించారు. నాయకత్వాన్ని వారు మూడు రకాలుగా చూశారు. అన్నీ తానే నిర్ణయించేది నిరంకుశ నాయకత్వం. అందరితో చర్చించి నిర్ణయించేది ప్రజాస్వామిక నాయకత్వం. ఎవరి ఇష్టానికి వారిని వదిలేసేది మూడో రకం. నిరంకుశ నాయకుడు గది దాటి వెళ్లగానే అక్కడి పిల్లల పని కుంటుపడింది. ప్రజాస్వామిక బృందం మాత్రం నాయకుడు లేకపోయినా పని సాగించింది. భయం వలన జరిగే పని భయపెట్టేవాడు ఉన్నంతసేపే అని దీని సారాంశం.

1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్ మరో మాట చెప్పాడు. మనుషులు సోమరులని నమ్మే అధికారి కాపలా కాస్తాడు, బాధ్యత ఇస్తే మోయగలరని నమ్మే అధికారి పని అప్పగిస్తాడు. 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ ఇంకొంచెం ముందుకు వెళ్లి, నాయకుడు ముందుగా సేవకుడు కావాలన్నాడు.

మార్పు ఎందుకు వచ్చింది?

ఇప్పటి పనిలో అన్నీ తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. పైడిభీమవరం వంటి చోట మందుల ఫ్యాక్టరీని తలచుకోండి. రియాక్టరు దగ్గర నిలబడిన ఆపరేటరుకు తేడా ముందు తెలుస్తుంది. గదిలో ఉన్న మేనేజరుకు తర్వాత తెలుస్తుంది. ఆపరేటరు భయపడి నోరు మూసుకుంటే పోయేవి ప్రాణాలు. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలలో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీలు వేయాలన్నారు. జపాన్ కంపెనీ టయోటాలో లోపం కనబడితే లైను మీది కార్మికుడే తాడు లాగి పని ఆపించవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం ప్రభుత్వ కార్యాలయాలను కూడా మన ప్రశ్నకు జవాబు చెప్పేలా చేసింది.

మన ఇంటి ఉదాహరణ

2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు పథకం మొదలైనప్పుడు, ఉమ్మడి రాష్ట్రంలోని తొలి ఆరు జిల్లాలలో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. పది పదిహేను మంది మహిళలు ఒక సంఘం. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనేవి వారి పంచసూత్రాలు. ఎవరికి అప్పు ముందు ఇవ్వాలో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. లీడర్లను మార్చుకుంటూ ఉండాలి. పుస్తకాలు ఎప్పటికీ ఒక్కరి చేతిలోనే ఉండిపోతే అది పేరుకే సంఘం. నిర్వహణ శాస్త్రంలో మేము పీజీ తరగతిలో చదివిన పాఠాన్ని మా అమ్మలు అంతకుముందే చాప మీద కూర్చుని ఆచరించారు.

మన హాస్టళ్లను నడిపే శాఖలోనూ ఒక ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ బాధ్యతలు చూసిన ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు వెట్టిచాకిరీ నుండి కూలీలను విడిపించేందుకు పాటుపడ్డారు. పద్మభూషణ్ ఇస్తామన్నా తీసుకోలేదు. 2010లో కన్నుమూసిన ఆయనను పేదలు ఈనాటికీ తలచుకుంటున్నారు.

ఆజ్ఞ అసలే వద్దా?

అలా కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస ప్రాంతం మీద విరుచుకుపడింది. అటువంటి వేళ ఊరు ఖాళీ చేయాలా వద్దా అని చర్చ పెడితే ప్రాణాలు దక్కవు. అక్కడ ఆజ్ఞే కావాలి. కానీ గాలి తగ్గాక ఎవరి జీడితోట పోయింది, ఎవరి ఇల్లు కూలింది అన్నది ఊరివారిని అడిగితేనే తెలుస్తుంది. ఏ వేళకు ఏది తగునో ఎరిగినవాడే మంచి నాయకుడు.

మనం చేయవలసింది

మనలో చాలామందిమి ఇంట్లో మొదటి పట్టభద్రులం. పెద్దవారి ముందు తలవంచి నిలబడటమే మర్యాద అని నేర్చుకున్నాం. ఇంటర్వ్యూలో, బృంద చర్చలో మన నోరు పెగలదు. తెలివి లేక కాదు, అలవాటు లేక. ఆ అలవాటు ఇక్కడే చేసుకోవచ్చు. మెస్ కమిటీలో బియ్యం, పప్పు లెక్క అడగండి. "సార్, నాకు ఇలా అనిపిస్తోంది" అని మర్యాదగా చెప్పడం అవిధేయత కాదు. స్టడీ అవర్ లీడరైతే, వారం చివర తమ్ముళ్లను "ఏది అర్థం కాలేదు?" అని అడగండి. ప్రతి నెలా కొత్తవారికి అవకాశం ఇవ్వండి.

ఒక్క హెచ్చరిక. భయపడుతూ పెరిగినవాడికి కుర్చీ దొరికితే భయపెట్టాలనిపిస్తుంది. రేపు మన టేబుల్ ముందుకు మన నాన్నలాంటి మనిషి చేతులు కట్టుకుని వస్తే, ముందు కుర్చీ చూపించి, తర్వాత ఆయన చెప్పేది పూర్తిగా విందాం. మన చదువుకు అదే సార్థకత.