గ్రామ, వంశచరిత్రలకు పూర్వ స్థలాకృతి పటముల ప్రామాణ్యము: పెద్దకొడప్‌గల్ ప్రాంత పరిశీలన

గ్రామచరిత్ర రచించువారు శాసనములను, కైఫీయతులను, స్థలపురాణములను ఆధారముగా గ్రహించుట పరిపాటి. టోపోషీట్లని వ్యవహారమునందున్న స్థలాకృతి పటములు మాత్రము భూగోళశాస్త్రజ్ఞుల సొత్తుగానే మిగిలిపోయినవి. అవి చరిత్రకు ఎంతవరకు ప్రమాణములగును, ఎచట కాజాలవు అను విషయమును కామారెడ్డి జిల్లాలోని పెద్దకొడప్‌గల్ పరిసరములను ఆధారముగా గొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

స్థలచిహ్నములను ప్రమాణముగా గ్రహించుట మనకు క్రొత్త కాదు. మనుస్మృతి అష్టమాధ్యాయమునందలి సీమావివాద ప్రకరణము మర్రి, రావి, మోదుగు, బూరుగు మున్నగు వృక్షములను, చెరువులను, బావులను, దేవాలయములను ప్రకటచిహ్నములుగా పేర్కొన్నది. భూమిలో పాతిన రాళ్లు, ఎముకలు, ఊక, బొగ్గులు మున్నగునవి గూఢచిహ్నములు. టోపోషీటు చూపునవి ప్రకటచిహ్నములు మాత్రమే. చెరువులు, బావులు, గుడులు, మసీదులు, సమాధులు, కోటలు, పాడుపడిన ఊళ్లు అందు ప్రత్యేక సంకేతములతో కనబడును. పొలముల హద్దులు, యాజమాన్యము అందుండవు. వానికై గ్రామనక్షాను, టిప్పణ్‌ను, సేత్వార్‌ను ఆశ్రయింపవలసినదే.

ఈ పటములకు మూలమైన త్రికోణమితి సర్వే 1802లో లాంబ్టన్ నాయకత్వమున మద్రాసు వద్ద ప్రారంభమైనది. ఎవరెస్టు 1847లో ప్రకటించిన మధ్యాహ్నరేఖా ఖండమునకు దక్షిణపు కొన బీదరు ప్రాంతమునందలి దామరగిద్ద; దాని అక్షాంశము 18 డిగ్రీల 3 నిమిషముల 15 సెకండ్లు. పెద్దకొడప్‌గల్ దానికి ఉత్తరమున, అదే డిగ్రీలో ఉన్నది. సర్వే ఆఫ్ ఇండియా విభజనలో ఈ ప్రాంతము 56 ఎఫ్ అను డిగ్రీ షీటులోనిది. ఆ షీటు 16 భాగములుగా విభక్తమై, పూర్వము అంగుళమునకు ఒక మైలు ప్రమాణమున, పిదప 1:50,000 ప్రమాణమున ముద్రణ పొందినది.

పటమును చేపట్టగానే చూడవలసినది అంచున గల సర్వే సంవత్సరము. ముద్రణ సంవత్సరము వేరు, సర్వే సంవత్సరము వేరు. ఈ భేదమును విస్మరించిన పరిశోధన తప్పుదారి పట్టును. సమీపమున మంజీరానదిపై నిజాంసాగరు నిర్మాణము 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైనది. జలాశయగర్భమున అనేక గ్రామములు మునిగిపోయినవి. 1923కు పూర్వపు సర్వేపై ఆధారపడిన పటమునందు ఆ గ్రామముల ఉనికి తెలియును. తరువాతి సర్వే ననుసరించిన పటమునందు అచట నీరు మాత్రమే కనబడును. అట్టి గ్రామమునుండి తరలివచ్చిన కుటుంబమునకు పూర్వపటమే స్వగ్రామసాక్షి.

పాలనాసీమల మార్పు రెండవ చిక్కు. పెద్దకొడప్‌గల్ 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడువరకు నిజామాబాదు జిల్లాలోనిది. పొరుగున ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 వరకు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండి, రాష్ట్రముల పునర్విభజనతో ఇటు చేరినవి. కనుక ఆ సర్కిళ్లలోని ఒక ఊరి పాతలెక్కలను నిజామాబాదు పేరిట మాత్రమే వెదకినవారికి నిరాశ తప్పదు. ఊరి స్థానము మారలేదు, జిల్లా మారినది. ఈ వివేకమును పటములు రెండింటిని పక్కపక్కన నుంచి చూచుటవలన పొందవచ్చును.

మూడవది నామవిచారము. భాషావేత్తల అవసరము ఇచటనే. రోమను లిపిలోని గ్రామనామమున డకార దకారములకు, లకార ళకారములకు, హ్రస్వ దీర్ఘములకు భేదము గోచరింపదు. కొడప్‌గల్ అను పేరి తుది భాగమును చూచి, ఓరుగల్లునందువలె శిలావాచకమని వెంటనే నిర్ణయించుట సాహసము. ధ్వనిసామ్యము ఒక్కటే సద్ధేతువు కాదు. శాసనరూపము, స్థానికోచ్చారణము, ఊరి చుట్టునున్న శిలాస్వరూపము తోడైనప్పుడే అనుమానము నిలుచును. పెద్ద, చిన్న అను విశేషణములు గల జంటగ్రామములను పటముపై కలిపి పరిశీలించుటయు అవసరము.

వంశచరిత్రకు ఇంటిపేర్లు మార్గదర్శకములు. బూర్గుల రామకృష్ణరావు (1899-1967) వంశనామము పుల్లమరాజు. బూర్గుల గ్రామమునుబట్టి వచ్చిన పేరు ప్రసిద్ధమైనది. ఆయన జన్మస్థలము మాత్రము పడకల్. ఇంటిపేరు నివాసమును సూచించును గాని జన్మస్థలమును నిశ్చయింపదని దీనివలన తేలుచున్నది. ఒకే పేరు గల ఊళ్లు పటముపై పలుచోట్ల కనబడినప్పుడు, బంధుత్వములున్న గ్రామములకు, ఇలవేల్పు క్షేత్రమునకు దగ్గరగా నున్నదానిని ముందుగా పరిశీలించుట యుక్తము. ఆపై 1954-55 ఖాస్రా పహాణీ మున్నగు లెక్కలతో సరిచూడవలెను.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారమున లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములు చెప్పినాడు. పూర్వపటము లిఖితకోటిలోనిది, అది స్థానమునకు ప్రమాణము, వంశమునకు కాదు. అనుభవమును పహాణీ తెలుపును. సాక్ష్యము వృద్ధుల నోట నున్నది. మొదటి రెండును భద్రపరచిన చోట నిలుచును. మూడవది నానాటికి తరిగిపోవుచున్నది. ప్రాచ్యకళాశాలల విద్యార్థులు తమ తమ గ్రామముల పటములను వృద్ధుల ముందుంచి, చెరువుల, గుట్టల, పాడుఊళ్ల పేర్లను తెలుగు లిపిలో సరియైన ఉచ్చారణతో నమోదు చేసినచో, రోమను లిపి మరుగుపరచిన నామసంపద మరల వెలుగు చూడగలదు.