వినిపిస్తుంది... కానీ అందదు!

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు నిండాయి. చెవి పరీక్షలో లోపం లేదన్నారు. అయినా క్లాసులో మాటిమాటికీ ‘ఆఁ? ఏంటీ?’ అంటాడట. రెండు పనులు కలిపి చెబితే ఒకటే చేస్తాడు. మొండితనమా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: మొండితనం అనుకోకండమ్మా. చెవి బాగానే ఉన్నా, విన్న మాటను మెదడు పోల్చుకోవడంలో ఇబ్బంది ఉండొచ్చు. గోలలో అది బయటపడుతుంది. ‘పడి’, ‘బడి’ లాంటి మాటలు తికమకపెడతాయి. ఏకాగ్రత లోపమున్నా ఇలాగే ఉంటుంది కాబట్టి, జబ్బు పేరు పెట్టేందుకు తొందరొద్దు.

టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని ఒక్కో పనే చెప్పండి. విన్నది వాడి చేత చెప్పించండి. బడిలో కిటికీకి దూరంగా ముందు బెంచీ అడగండి.

రెండు మూడు నెలలకీ మార్పు లేకపోయినా, చదువులో వెనకబడుతున్నా ఆడియాలజిస్టును కలవండి. విన్న మాటను మెదడు ఎలా పోల్చుకుంటుందో చూసే పరీక్షలు సాధారణంగా ఏడేళ్లు దాటాకే చేస్తారు. చెవి కారుతున్నా, వినికిడి తగ్గినట్టనిపించినా వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.