పలక మీద విశ్వం

మార్కాపురం పేరు వినగానే తెలుగువారికి పలక జ్ఞప్తికి వస్తుంది. అక్షరాభ్యాసం నాడు ఎందరో పిల్లల ఒడిలో చేరిన నల్లని పలక ఈ ప్రాంతపు గనులలో పుట్టినదే. దాని వయస్సెంత అని మాత్రం ఎవరూ అడుగరు. నల్లమల అంచున పరచుకొన్న ఈ రాయి ఒకప్పుడు సముద్రగర్భంలో పొరలు పొరలుగా పేరుకొన్న బురద. భూగర్భపు ఒత్తిడికి, వేడిమికి అది గట్టిపడి పలుచని రేకులుగా చీలే శిలగా మారింది. దాని వయస్సు నూరు కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఓనమాలు దిద్దిన ఆ పలకనే మరల చేతబట్టి, విశ్వంలో మన భూమి స్థానమేదో తెలుసుకొందాం.

పలక మీద పదకొండు సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తం గీసి, దానిని సూర్యుడనుకొందాం. అదే కొలతలో భూమి ఒక్క మిల్లీమీటరు మాత్రమే. చిన్న ఆవగింజ చాలు. ఆ ఆవగింజను పలకకు పన్నెండు మీటర్ల దూరంలో, అంటే తరగతి గది దాటి వరండాలో ఉంచాలి. చంద్రుడు ఆవగింజకు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. మానవుడు ఇంతవరకు చేసిన సుదీర్ఘయాత్ర ఆ మూడు సెంటీమీటర్లే. గ్రహాలలో చివరిదైన నెప్ట్యూన్ 350 మీటర్ల దూరంలో, కళాశాల ప్రహరీకి ఆవల ఎక్కడో ఉంటుంది. మరి సూర్యుని తరువాత మనకు అత్యంత సమీపంలో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని ఎక్కడ ఉంచాలి? ఒంగోలులోనా? హైదరాబాదులోనా? మార్కాపురం నుండి శ్రీనగరం ఆకాశమార్గాన దాదాపు 2,100 కిలోమీటర్లు. అది కూడా దాటి మరొక వేయి కిలోమీటర్లు పోవాలి. నడుమనున్నదంతా దాదాపు శూన్యమే!

ఈ ఆవగింజ నిలకడగా ఉండేది కాదు. భూభ్రమణం వలన మార్కాపురం గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పునకు పరుగిడుతున్నది. భూమి తన అక్షంపై తిరుగుతున్నదని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో చెప్పాడు. కదిలే పడవలోని వానికి ఒడ్డు వెనుకకు పోతున్నట్లు తోచడాన్ని ఆయన ఉపమానంగా చూపాడు. అయితే తరువాతి పండితులు అంగీకరించలేదు. భూమి తిరిగితే ఎగిరిన పక్షులు తమ గూళ్ళకు ఎట్లు చేరుతాయని వరాహమిహిరుడు ఆక్షేపించాడు. ఆ ప్రశ్నను చూసి నవ్వరాదు. పక్షి, గాలి కూడా భూమితోపాటే కదులుతున్నాయన్న సమాధానానికి జడత్వ సూత్రం కావలసివచ్చింది. అది రూపుదిద్దుకొనడానికి వేయి సంవత్సరాలకు పైగా పట్టింది. 1851లో ఫూకో పారిస్ నగరంలో పొడవైన లోలకాన్ని వ్రేలాడదీసి, భూభ్రమణాన్ని ప్రజల కన్నులకు కట్టించాడు.

అంతదూరం పోనక్కరలేని ప్రయోగాలూ ఉన్నాయి. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలను కప్పుతుంది. మార్కాపురంలో ఉత్తర దిక్కున క్షితిజం నుండి ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తున ధ్రువనక్షత్రం కనిపిస్తుంది. ఆ ఎత్తే మన అక్షాంశం. కన్యాకుమారికి పోతే ధ్రువుడు క్రిందికి దిగుతాడు, కాశ్మీరుకు పోతే పైకి ఎక్కుతాడు. భూమి బల్లపరుపుగా ఉంటే ఇట్లు జరుగదు.

మే నెల మొదటి వారంలో ఒకనాడు మధ్యాహ్నం మార్కాపురంలో నిటారుగా నాటిన కర్రకు నీడ ఉండదు. గడియారం అప్పుడు పన్నెండు కాదు, సుమారు పన్నెండుంబది చూపుతుంది. మన గడియారాలు కాకినాడ సమీపం నుండి పోయే రేఖాంశాన్ని అనుసరిస్తాయి. మనం దానికి పడమర ఉండటమే ఈ ఆలస్యానికి ముఖ్య కారణం. గిద్దలూరు కొంత దక్షిణాన ఉన్నందున అక్కడ నీడ ఒకరోజు ముందుగానే మాయమవుతుంది. మార్కాపురంలో నీడ లేని నాడు గిద్దలూరులో మీటరు కర్రకు అర సెంటీమీటరుకు కొంచెం మించిన నీడ దక్షిణంగా పడుతుంది. ఆగస్టు రెండవ వారంలో సూర్యుడు తిరుగు ప్రయాణంలో ఉంటాడు గనుక ఆ వంతు మొదట మార్కాపురానిది, తరువాత గిద్దలూరిది. ఇటువంటి నీడల తేడాతోనే క్రీ.పూ. మూడవ శతాబ్దిలో ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు. రెండు ఊళ్ళ విద్యార్థులు ఒకే రోజున కర్రలు నాటి చూడవచ్చు. ఖర్చు లేదు, ఎండ మాత్రం తప్పదు.

దూరాలు కొలిచినంత మాత్రాన సరిపోదు. ఆ జ్యోతులు దేనితో నిర్మితమైనవి? నక్షత్రాల రసాయన స్వభావం మానవునికి ఎన్నటికీ తెలియదని ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంట్ 1835లో వ్రాశాడు. ముప్పదిమూడేండ్లకే ఆ మాట చెల్లకుండా పోయింది. 1868 ఆగస్టు 18న ఏర్పడిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆయన దేశీయుడే అయిన జాన్సెన్ మన గుంటూరు నుండి పరిశీలించాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూచాడు. గ్రహణం లేనప్పుడు కూడ ఆ జ్వాలలను చూడవచ్చునని గ్రహించి మరునాడే చూచాడు. ఆ యేటి పరిశీలనలలో వెల్లడైన ఒక పసుపుపచ్చని రేఖ తెలిసిన ఏ మూలకానికీ చెందలేదు. ఇంగ్లండులో లాకయర్ ఆ క్రొత్త మూలకానికి గ్రీకుల సూర్యుని పేరు మీదుగా హీలియం అని పేరిడినాడు. 1895లో గాని అది భూమి మీద రామ్సేకు చిక్కలేదు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల నుండి శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఆనాడు ఎందరో భయంతో తలుపులు బిగించుకొని ఇండ్లలోనే ఉండిపోయారు. మన నేలమీద హీలియం కథ మొదలై అప్పటికి నూట పన్నెండేండ్లు!

సూర్యుడు కూడ కేంద్రంలో లేడు. పాలపుంత కేంద్రానికి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో, గ్రహాలన్నింటినీ వెంటబెట్టుకొని తిరుగుతున్నాడు. ఒక్క ప్రదక్షిణకు ఇరువదిరెండు, ఇరువదిమూడు కోట్ల సంవత్సరాలు పడుతుంది. మన మార్కాపురం పలక ఇప్పటికి కనీసం నాలుగు ప్రదక్షిణలు పూర్తిచేసింది. అంతటి పాలపుంత కూడ ఏకైకం కాదని, ఆండ్రోమెడా దానికి వెలుపలనున్న మరొక నక్షత్ర మండలమని హబుల్ 1924లో నిరూపించాడు.

కార్తిక మాసంలో అమావాస్య దగ్గరపడిన రాత్రి, దీపాల వెలుగు సోకని కంభం చెరువు కట్టమీద నిలిచి చూస్తే, ఆండ్రోమెడా చిన్న పొగమచ్చవలె నడినెత్తికి ఉత్తరంగా కనిపిస్తుంది. దుర్భిణి అవసరం లేదు. ఆ వెలుగు అక్కడ బయలుదేరి ఇరువదియైదు లక్షల సంవత్సరాలైంది. అప్పటికి మన మానవజాతి ఇంకా పుట్టలేదు. కట్టకు అటూ ఇటూ ఉన్న నల్లమల కొండల్లోని పలకరాయి మాత్రం అప్పటికే నూరు కోట్ల యేండ్ల ముదుసలి.