విధి రాతా? మనిషి చేతా?
(హైటెక్ సిటీ దారిలో ఒక పరిశీలన)

మనిషి జీవితాన్ని విధి నడిపిస్తుందా, లేక మనిషే నడుపుకుంటాడా అన్న ప్రశ్న ఈనాటిది కాదు. బుద్ధుని కాలంలో మక్ఖలి గోశాలుడనే ఆజీవక గురువు ఉండేవాడు. విసిరిన దారపు ఉండ దారం ఉన్నంత దూరమూ విప్పుకుంటూ పోయి ఆగుతుంది కదా, అలాగే మూర్ఖుడైనా పండితుడైనా తన వంతు జన్మలన్నీ తిరిగి తీరాల్సిందేనని, మనిషి ప్రయత్నానికి బలం లేదని ఆయన బోధించాడు. బుద్ధుడు మిగతా బోధలన్నిటికన్నా ఈ బోధనే ఎక్కువగా ఖండించాడు.

ప్రాచీన గ్రీసులో 'సోమరి వాదం' అని ఒకటి ఉండేది. రోగం తగ్గాలని రాసి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా తగ్గుతుంది, తగ్గకూడదని రాసి ఉంటే ఎవరిని పిలిచినా తగ్గదు, మరి పిలవడం దేనికి అన్నదే ఆ వాదం. క్రిసిప్పస్ అనే తత్వవేత్త దీనికి జవాబు చెబుతూ, తగ్గాలని ఉంటే వైద్యుణ్ణి పిలవడం కూడా ఆ రాతలో భాగమే అన్నాడు. పరీక్షల ముందు రోజు ఈ సోమరి వాదం వినబడని గది మన హాస్టల్లో ఉందా?

విద్యార్థి మిత్రులారా, పుస్తకాల మాట కాసేపు పక్కన పెడదాం. మన హాస్టల్ అన్నలు, అక్కలు చాలామంది డిగ్రీయో బీటెక్కో అయ్యాక అమీర్‌పేట మైత్రీవనంలో కోర్సు నేర్చుకుని, మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల చుట్టూ తిరిగినవారే. ఆ దారిలో ఎక్కువగా వినిపించే మాట "రాసిపెట్టి ఉంటే వస్తుందిలే" అన్నది. ఆ మాటనే కొంచెం విప్పి చూద్దాం.

గండిపేట చెరువు దగ్గర చిలుకూరు బాలాజీ దేవాలయం ఉంది. అమెరికా వెళ్ళాలనుకునేవారి రద్దీ పెరిగాక ఆ స్వామికి 'వీసా బాలాజీ' అనే పేరు వచ్చింది. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆనవాయితీ. హుండీ లేని గుడి అది. భక్తిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కానీ రాసింది రాసినట్టే జరుగుతుందని నిజంగా నమ్మినవాడు ఒక్క ప్రదక్షిణ అయినా ఎందుకు చేయాలి? పాస్‌పోర్టు పట్టుకుని 11 సార్లు తిరిగే మనిషికి, తాను తిరిగితే ఫలితం మారుతుందన్న ఆశ ఉంది. ఇంటికెళ్ళి వీసా ఫారం కూడా తప్పుల్లేకుండా నింపుకుంటాడు. నోటితో విధి అంటాడు కానీ కాళ్ళూ చేతులూ మాత్రం ప్రయత్నాన్నే నమ్ముతాయి.

మరి ఆ వీసాలో విధి పాలెంత? హెచ్-1బి వీసాలకు అమెరికా చట్టం పెట్టిన వార్షిక పరిమితి 65,000. అక్కడ మాస్టర్స్ చేసినవారికి అదనంగా మరో 20,000. దరఖాస్తులు మించిపోతే ఏళ్ళ తరబడి కంప్యూటరు లాటరీ తీశారు. పేరు రాకపోతే తలరాత అనుకునేవారు. అయితే 2024 ఆర్థిక సంవత్సరానికి వచ్చిన రిజిస్ట్రేషన్లు 7,80,000కు పైగా ఉంటే, అందులో 4 లక్షలకు పైగా ఒకటికన్నా ఎక్కువ రిజిస్ట్రేషన్లు ఉన్నవారివే. అంటే ఒకే మనిషికి నాలుగైదు చీట్లు వేసే ఏర్పాటు కొందరికి దొరికింది, ఒక్క చీటీవాడు వెనకబడ్డాడు. మరుసటి ఏడాది నుంచి, ఎన్ని కంపెనీలు వేసినా మనిషిని ఒక్కసారే లెక్కించేలా నిబంధన మార్చారు. అర్హమైన రిజిస్ట్రేషన్లు దాదాపు 4,70,000కు పడిపోయాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. బ్రహ్మ రాతను ఇలా ఏడాదికోసారి ఎవరూ దిద్దలేరు కదా! ఇందులో కొంత నిజంగానే యాదృచ్ఛికం. మిగతాది ఎవరో కూర్చుని రాసిన నిబంధన.

మాదాపూర్ భూముల కథ కూడా ఇలాంటిదే. రాళ్ళగుట్టల మధ్య ఊరది. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ధరలు ఎలా పెరిగాయో అందరికీ తెలుసు. ముందే అమ్ముకున్న రైతు "నా ఖర్మ" అన్నాడు, అమ్మకుండా ఆగినవాడు "నా అదృష్టం" అన్నాడు. కానీ టవర్ ఎక్కడ కట్టాలి, రోడ్డు ఎటు పోవాలి అన్నది ఫైళ్ళ మీద జరిగిన నిర్ణయం. ఆ ఫైలు సంగతి ముందుగా తెలిసినవాడిదీ, తెలియనివాడిదీ ఒకే అదృష్టమా? సరే, భూమే లేని కూలీ మాటేమిటి? ఆయనకు అమ్మడానికీ లేదు, ఆగడానికీ లేదు. ఆయన తాతకూ భూమి లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలంటే జాతకం కాదు, ఊరి చరిత్ర చూడాలి.

సత్యం కంప్యూటర్స్ సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన వేల కోట్లు అసలు లేనే లేవని ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. సుమారు 50 వేల మంది ఉద్యోగుల బతుకులు ఒక్కరోజులో అయోమయంలో పడ్డాయి. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. అప్పుడే ఆఫర్ లెటర్ అందుకున్న ఫ్రెషర్‌కు అది విధిలాగే తోచి ఉంటుంది. అతని వైపు నుంచి చూస్తే తప్పు కూడా కాదు, అతను చేయగలిగింది ఏమీ లేదు. కానీ ఆ లెక్కలు రాసినవి మనుషుల చేతులే.

అసలు విధి అనే మాట ఎవరి నోట వస్తుందో చూడాలి. భారతంలో ధృతరాష్ట్రుడు జూదాన్ని ఆపగలిగిన ఒకే ఒక్క మనిషి. ఆపలేదు. పైగా ఎప్పుడూ విధి అనేవాడు. భగవద్గీత 18వ అధ్యాయం పనికి ఐదు కారణాలు చెబుతూ దైవాన్ని ఐదవదిగా చివరన ఉంచింది. కర్తా, చేష్టలూ ముందే ఉన్నాయి. మనవాళ్ళు చివరిదాన్ని తెచ్చి మొదట కూర్చోబెట్టారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన చివరి గ్రంథం 'బుద్ధుడు – ఆయన ధర్మం'లో దీన్ని సూటిగా పట్టుకున్నారు. పేదవాడి పేదరికానికి అతని పూర్వజన్మ పాపమే కారణమని చెబితే, సమాజమూ ప్రభుత్వమూ బాధ్యత నుంచి తప్పించుకోవచ్చు. ఆ సిద్ధాంతం వల్ల ఒరిగేది అదేనని ఆయన వాదన. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో జాషువా గారి కథానాయకుడు గుడిలోకి పోలేక, గుడిలోకి పోగల గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి తన గోడు పంపుకున్నాడు. ఆ తలుపు మూసింది విధా?

మనం తినే అన్నం సంగతే తీసుకోండి. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యులు. ఎవరో అడిగారు, ఎవరో పోట్లాడారు, ఎవరో సంతకం పెట్టారు. అందుకే మన ఇళ్ళలో మొదటిసారి ఒకరు ఇంటర్ దాటారు. తెల్లవారుజామున లేచి చదవడం మాత్రం మీ పనే, దానికి జీవో లేదు.

హైటెక్ సిటీ కంపెనీల్లో రిజర్వేషన్ లేదు. ఫ్రెషర్ ఉద్యోగాలు కొన్ని లోపల ఉన్నవారి రిఫరల్ మీద కదులుతాయి. బాబాయో మేనమామో కంపెనీలో ఉన్న అబ్బాయికి ఓపెనింగ్ వాట్సాప్‌లో వస్తుంది. మన తమ్ముడు రెండు వందల అప్లికేషన్లు పెట్టి జవాబు రాక, రాత బాగాలేదని ఊరికి బస్సెక్కుతాడు. అతనికి కరువైంది గ్రహబలం కాదు, లోపల ఒక మనిషి. ఇప్పుడు మనవాళ్ళు లోపల ఉన్నారు. వార్షికోత్సవం రోజున భోజనాల హాలు గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు పెడుతున్నాం. వచ్చిన అన్నలు, అక్కలు పేరు, కంపెనీ, చేసే పని, ఫోన్ నంబరు అందులో రాయండి. ఫైనలియర్ పిల్లలు తమ బయోడేటా రెండు కాపీలు వెంట తెచ్చుకోవాలి.