పొగకు ధర కట్టే లెక్క – పేడకుప్పకు వర్తించే పాఠం

మండపేట చుట్టుపక్కల మిషనుతో కోసిన చేలో గడ్డిని తగులబెడితే చేను ఒకరిది, పొగ ఊరందరిది. నిప్పు పెట్టిన రైతుకు ఖర్చు ఒక అగ్గిపుల్ల. దగ్గు, ఆయాసం, మందుల ఖర్చు మాత్రం ఇరుగుపొరుగు వారివి. గాలిని చెడగొట్టినవారు దాని ధర చెల్లించకపోవడమే ఈ చిక్కుకు మూలమని ఆర్థికశాస్త్రం చెబుతుంది.

ఆ ధరను లెక్కలోకి తెచ్చే మార్గాలు మూడు.

1. పన్ను: స్వీడన్ 1991లో కర్బన పన్ను విధించింది. మన దేశం 2010లో బొగ్గుపై టన్నుకు 50 రూపాయల సెస్సు వేసి, 2016లో దానిని 400 రూపాయలు చేసింది.

2. కోటా: మొత్తం పొగకు హద్దు పెట్టి ఫ్యాక్టరీలకు వాటాలు పంచుతారు. తక్కువ వదిలినవారు మిగులు వాటాను అమ్ముకోవచ్చు. పొగలోని నుసికి ఈ పద్ధతిని 2019లో సూరత్‌లో ప్రారంభించారు.

3. ప్రతిఫలం: కాలుష్యం తగ్గించినవారికి సొమ్ము ఇవ్వడం. పాడి రైతుకు దగ్గరి మార్గమిదే.

తడి పేడ కుప్పలో గాలి తగలక కుళ్ళినప్పుడు మీథేన్ పుడుతుంది. నూరేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే మీథేన్ గోబర్ గ్యాస్ ప్లాంటులో పడితే పొయ్యి వెలిగిస్తుంది.

2 ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలి. నాలుగు గేదెలున్న ఇంట అది దొరుకుతుంది. ప్లాంటు నిండుగా పనిచేస్తే వచ్చే గ్యాసు రోజుకు సుమారు 900 గ్రాముల వంటగ్యాసుకు సమానం. అంటే 16 రోజులకు ఒక సిలిండరు మిగులుతుంది. బయటికి వచ్చే మడ్డి చేనుకు మంచి ఎరువు.

మన సరిహద్దుకు ఆనుకొని, తెలుగు బాగా వినిపించే కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో కూలీ సంఘంవారు ఇలాంటి 5,500 ప్లాంట్ల పథకాన్ని 2005లో క్యోటో ఒప్పందం కింద నమోదు చేయించారు. కట్టెలు, కిరోసిన్ మండించకపోవడం వల్ల తగ్గిన వాయువును టన్నులలో లెక్కించి, క్రెడిట్లుగా అమ్మే ఏర్పాటు అది. ఒక ఇంటి క్రెడిట్లు కొనేవారుండరు. వేల ఇళ్ళ లెక్క ఒక్క పుస్తకంలోకి వస్తేనే బేరం కుదురుతుంది.

ఇది మన సంఘాలకు కొత్త విద్య కాదు. ఒక ఇంటి రెండు లీటర్ల పాలకు పట్నంలో బేరం లేదు. అందరి పాలూ కొలిచి, వెన్న శాతం చూసి, పుస్తకంలో రాసినందువల్లనే ధర వచ్చింది.

అయితే ఒక హెచ్చరిక. క్రెడిట్ల ధర నిలకడగా ఉండదు. ఆ ఆశ ఒక్కదానితోనే ప్లాంటు కట్టవద్దు. సిలిండరు, ఎరువు ఖర్చులో మిగులు చూసి కట్టండి. మూలపడిన ప్లాంటుకు క్రెడిటు రాదు. గొట్టం కారితే మీథేన్ మళ్ళీ గాలిలోనే కలుస్తుంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలోగా ప్రతి సంఘమూ నాలుగు గేదెలకు తక్కువ కాకుండా ఉన్న ఇళ్ళ జాబితా, పనిచేస్తున్న ప్లాంట్లు, మూలపడినవాటి సంఖ్య రాసి ఉంచవలసినదిగా కోరుతున్నాము. కొలత ఉన్నచోటికే ధర వస్తుంది.